తాకట్టులో ఉన్న ఇంటి అమ్మకం: అపోహలు, వాస్తవాలు

బ్యాంకు రుణంతో ఇల్లు కొనుక్కున్న కుటుంబానికి కష్టకాలం వచ్చినప్పుడు మొదట ఆగిపోయేది నెలవారీ వాయిదా. ఉద్యోగం పోవడం, వ్యాపారం దెబ్బతినడం, సంపాదించే మనిషి మంచాన పడడం వంటి కారణాలు ఏవైనా కావచ్చు. బకాయి 90 రోజులు దాటితే బ్యాంకు ఆ ఖాతాను నిరర్థక ఆస్తిగా వర్గీకరిస్తుంది. ఆ తరువాత నోటీసు, స్వాధీనం, వేలం అనే దశలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఈ దశల నడుమ యజమాని తానే కొనుగోలుదారును చూసుకుని ఇల్లు అమ్మి, బాకీ తీర్చి, మిగిలిన సొమ్ము దక్కించుకోవడానికి చట్టంలో కొంత వ్యవధి ఉంది. ఆ వ్యవధి ఏ రోజుతో ముగుస్తుంది, ఎవరి అనుమతి కావాలి, వచ్చిన ధర బాకీకి చాలకపోతే పరిస్థితి ఏమిటి అనే విషయాలపై మాత్రం ప్రజలలో అనేక అపోహలు నెలకొని ఉన్నాయి. వాటిని నమ్మి కాలయాపన చేసిన కుటుంబాలు ఇంటితో పాటు, అందులో తమకు మిగలవలసిన సొమ్మును కూడా పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

ఈ అపోహలలో కొన్నింటికి మూలం అమెరికాలో వాడుకలో ఉన్న ‘షార్ట్ సేల్’ అనే మాట. 2007-08 నాటి గృహరుణ సంక్షోభంలో ఆ దేశంలో ఇళ్ల ధరలు పడిపోయి, ఇంటి విలువ కంటే బాకీయే ఎక్కువైన సందర్భాలలో ఈ పద్ధతి విస్తృతంగా వినిపించింది. బాకీ కంటే తక్కువ ధరకు ఇల్లు అమ్ముకోవడానికి రుణదాత అంగీకరించి, వచ్చిన సొమ్ము తీసుకుని తాకట్టును విడుదల చేయడం దాని సారాంశం. స్టాక్ మార్కెట్‌లో చేతిలో లేని షేర్లను ముందుగా అమ్మే షార్ట్ సెల్లింగ్‌కు, దీనికి ఎటువంటి సంబంధం లేదు. వార్తల అనువాదంలో ఈ రెండూ ఒకదానికొకటి మారిపోకుండా పాత్రికేయ మిత్రులు జాగ్రత్త వహించవలసి ఉంటుంది. అమెరికాలో సైతం షార్ట్ సేల్ జరిగినంత మాత్రాన మిగిలిన బాకీ దానంతట అదే రద్దు కాదు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రం 2011లో ప్రత్యేకంగా చట్టం చేసి, నివాస గృహాల విషయంలో మిగులు బాకీ వసూలును నిషేధించింది. అన్ని రాష్ట్రాలలో అటువంటి రక్షణ లేదు.

మన దేశ చట్టాలలో ఆ పేరుతో ఏ పద్ధతీ లేదు. అయితే ఆ ఫలితం సాధించడం అసాధ్యమూ కాదు. దానికి రెండు వేర్వేరు అంగీకారాలు అవసరం. ఇల్లు అమ్ముకోవడానికి బ్యాంకు సమ్మతి ఒకటి, తక్కువ పడిన బాకీని వదులుకోవడానికి బ్యాంకుతో రాజీ మరొకటి. మొదటిది లభిస్తే రెండవది కూడా లభించినట్లేనని భావించడమే అన్ని అపోహలలోకి ఖరీదైనది.

నా ఇల్లు, నా ఇష్టం

రుణం తీసుకున్న రోజున ఇంటి దస్తావేజులు బ్యాంకుకు చేరినా, ఇంటి యాజమాన్యం రుణగ్రహీతదే. కాబట్టి తాకట్టులో ఉన్న ఇంటిని అమ్మనే కూడదన్నది వాస్తవం కాదు. వాయిదాలు సక్రమంగా నడుస్తున్న కాలంలో బ్యాంకు నుండి ఆనాటి బాకీ తెలిపే లేఖ తీసుకుని, కొనుగోలుదారు చెల్లించే సొమ్ము నేరుగా రుణ ఖాతాలో జమ అయ్యేలా ఏర్పాటు చేసుకుని అమ్ముకోవడం ఎప్పటినుండో ఉన్న పద్ధతే. మారే వడ్డీ రేటుపై తీసుకున్న గృహరుణాన్ని గడువుకు ముందే తీర్చినందుకు బ్యాంకులు అపరాధ రుసుము వసూలు చేయరాదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే ఆదేశించింది.

పరిస్థితి మారేది డిమాండ్ నోటీసుతో. సర్ఫేసీ చట్టంగా వ్యవహరించే 2002 నాటి కేంద్ర చట్టంలోని 13వ సెక్షన్, 2వ ఉపసెక్షన్ కింద బ్యాంకు 60 రోజుల గడువుతో ఈ నోటీసు ఇస్తుంది. అది అందిన తరువాత బ్యాంకు ముందస్తు లిఖితపూర్వక సమ్మతి లేకుండా ఇంటిని అమ్మడం గాని, లీజుకు ఇవ్వడం గాని కూడదని అదే సెక్షన్‌లోని 13వ ఉపసెక్షన్ స్పష్టం చేస్తోంది. ఉల్లంఘనకు 29వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష లేదా జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఈ సంగతి తెలియక, నోటీసు అందిన కంగారులో ఎవరో ఒకరి వద్ద బయానా తీసుకుని అగ్రిమెంటు రాసి ఇచ్చేవారు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ చేసి ఇచ్చేవారు ఉన్నారు. పవర్ ఆఫ్ అటార్నీ ద్వారా స్థిరాస్తి యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. కొన్నవారికి ఇల్లు రాదు, అమ్మినవారికి అప్పు తీరదు. కొనదలచినవారు ఇంటిపై రుణం ఉన్నదీ లేనిదీ రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా, 2011 నుండి పనిచేస్తున్న కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌లో కూడా స్వల్ప రుసుము చెల్లించి చూసుకోవచ్చు.

సహకార బ్యాంకులకు ఈ చట్టం వర్తించదనే వాదన 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పుతో ముగిసింది. గృహరుణ సంస్థలకు, నిర్ణీత పరిమాణం గల బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు కూడా ఈ అధికారాలు ఉన్నాయి. వ్యవసాయ భూమి తాకట్టు, లక్ష రూపాయలకు మించని బాకీ, అసలు వడ్డీలలో 20 శాతం కంటే తక్కువ మిగిలి ఉన్న రుణం మాత్రం ఈ చట్టం పరిధిలోకి రావు.

ప్రకటన పడితే ఇల్లు పోయినట్లేనా?

పత్రికలో బ్యాంకు ప్రకటన కనిపించగానే ఫలానావారి ఇల్లు జప్తు అయిందని ఊరంతా చెప్పుకుంటుంది. కొన్నిసార్లు వార్త కూడా అలాగే వస్తుంది. వాస్తవానికి ఇక్కడ రెండు రకాల ప్రకటనలు ఉన్నాయి. ఒకటి స్వాధీన ప్రకటన. 60 రోజుల గడువు ముగిసిన తరువాత అధీకృత అధికారి ఇంటికి నోటీసు అంటించి, ఏడు రోజులలోగా రెండు ప్రముఖ దినపత్రికలలో, అందులో ఒకటి ప్రాంతీయ భాషా పత్రిక అయ్యేలా, దీనిని ప్రచురించాలి. సాధారణంగా ఇది లాంఛనప్రాయమైన స్వాధీనం. కుటుంబం ఆ ఇంట్లోనే ఉంటుంది. రెండవది అమ్మకపు ప్రకటన. ఈ రెంటి మధ్య తేడా వార్త రాసేవారికి అక్షరాల తేడాగా కనిపించవచ్చు గాని, రుణగ్రహీతకు అది హక్కు ఉండడానికీ పోవడానికీ మధ్య తేడా.

నోటీసు అందిన రోజు నుండి రుణగ్రహీత చేతులు ముడుచుకుని కూర్చోవలసిన అవసరమూ లేదు. బాకీ లెక్క తప్పని భావించినా, ఇల్లు అమ్ముకోవడానికి వ్యవధి కోరదలచినా లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలుపవచ్చు. దానిని అంగీకరించనట్లయితే బ్యాంకు 15 రోజులలోగా కారణాలతో సమాధానం ఇవ్వాలి. ఈ నిబంధన మొదట చట్టంలో లేదు. 2004లో మార్దియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థిస్తూనే రుణగ్రహీత మాట వినాలని చెప్పిన మీదట దానిని చేర్చారు. ఈ అభ్యంతర పత్రంతో పాటే కొనుగోలుదారు వివరాలు, అతడు ఇవ్వజూపిన ధర, సొమ్ము చెల్లించే గడువు తెలుపుతూ అమ్మకానికి సమ్మతి కోరడం ఉత్తమం. నోటి మాటగా అడిగిన దానికి రికార్డు ఉండదు.

వేలం రోజు వరకు సమయం ఉందనే భ్రమ

రుణగ్రహీతలను ఎక్కువగా నష్టపరుస్తున్న అపోహ ఇదే. వేలంపాట ముగిసే వరకు, ఇంకా చెప్పాలంటే కొన్నవారి పేర రిజిస్ట్రేషన్ అయ్యే వరకు, మొత్తం బాకీ తెచ్చి కట్టి ఇల్లు విడిపించుకోవచ్చని నమ్మేవారు నేటికీ ఎక్కువే. ఒకప్పుడు ఇది పూర్తిగా తప్పు కూడా కాదు. 2016లో చట్టాన్ని సవరించి, ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుండి అమలులోకి తెచ్చిన 13వ సెక్షన్ 8వ ఉపసెక్షన్ ప్రకారం, ఖర్చులతో సహా బాకీ మొత్తాన్ని అమ్మకపు ప్రకటన ప్రచురితమయ్యే తేదీకి ముందే చెల్లించాలి. ప్రకటన వెలువడిన తరువాత విడిపించుకునే హక్కు ఉండదని 2023 సెప్టెంబరులో బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు ధ్రువీకరించింది. అనగా గడువు వేలం తేదీ కాదు, వేలం ప్రకటన పత్రికలో అచ్చయిన తేదీ. ఈ ఒక్క వాక్యం తెలియకపోవడం వల్ల, బంధువుల వద్ద సొమ్ము కూడగట్టుకుని వేలానికి రెండు రోజుల ముందు బ్యాంకుకు వచ్చినవారికి నిరాశే మిగులుతుంది.

యజమాని అమ్మకానికి, వేలం అమ్మకానికి మధ్య తేడాను ఒక ఊహాజనిత లెక్కతో పరిశీలించవచ్చు. ఒక ఇంటిపై బాకీ 38 లక్షల రూపాయలు అనుకుందాం. నోటీసు అందిన నెలలోనే బ్యాంకు సమ్మతితో యజమాని దానిని 44 లక్షలకు అమ్మితే కుటుంబానికి 6 లక్షలు మిగులుతాయి. అదే ఇల్లు ఎనిమిది నెలల తరువాత వేలానికి వచ్చిందనుకుందాం. ఈలోగా వడ్డీ, ఇతర చార్జీలు రెండున్నర లక్షలు పెరుగుతాయి. ప్రకటనలు, విలువ మదింపు, స్వాధీనం ఖర్చులు మరో అర లక్ష. బాకీ 41 లక్షలకు చేరుతుంది. వేలంలో కొనేవారు ఇంటిని ‘ఉన్నది ఉన్నట్లుగా’ తీసుకోవాలి; లోపల ఎవరైనా నివసిస్తుంటే ఖాళీ చేయించే చిక్కులను, కోర్టు కేసు వస్తుందేమోనన్న భయాన్ని కూడా ధరలో తగ్గించుకుంటారు. పాట 40 లక్షల వద్ద ఆగితే, 6 లక్షలు చేతికి రావలసిన కుటుంబం లక్ష రూపాయల బాకీతో ఇల్లు వదలవలసి వస్తుంది.

వేలంలో బ్యాంకు తనకు తోచిన ధరకు అమ్మేస్తుందన్న ఆరోపణకు మాత్రం పూర్తి ఆధారం లేదు. ఆమోదిత మదింపుదారు నుండి విలువ తెప్పించుకుని రిజర్వు ధర నిర్ణయించాలి. అమ్మకానికి 30 రోజుల ముందు రుణగ్రహీతకు నోటీసు ఇవ్వాలి. మొదటి వేలం విఫలమై మళ్లీ నిర్వహిస్తే ఈ గడువు 15 రోజులు. రిజర్వు ధరకు పాట రాకపోతే, రుణగ్రహీత కూడా అంగీకరిస్తేనే అంతకంటే తక్కువకు ఇవ్వవచ్చు. అయితే తదుపరి వేలానికి రిజర్వు ధరను తగ్గించే వీలు బ్యాంకుకు ఉంది కనుక, ఈ రక్షణను చూసుకుని నిశ్చింతగా ఉండడం తగదు. మదింపు నివేదికపై అభ్యంతరం ఉంటే మొదటి ప్రకటన దశలోనే తెలుపవలసి ఉంటుంది.

ఇల్లు పోతే అప్పు పోతుందా?

“ఇల్లు వాళ్లే తీసుకున్నారు, ఇక మాకేం సంబంధం?” అన్న మాట తరచు వినబడుతుంది. ఇది సరికాదు. అమ్మకపు సొమ్ములో మొదట ఖర్చులు, తరువాత బాకీ మినహాయించుకుంటారు. సొమ్ము మిగిలితే దానిని రుణగ్రహీతకు గాని, చట్టరీత్యా హక్కు గల ఇతరులకు గాని చెల్లించాలి. దానిని బ్యాంకు ఉంచుకుంటుందన్నది మరొక అపోహ. సొమ్ము చాలకపోతే మిగిలిన మొత్తానికి బ్యాంకు రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌ను గాని, పరిధిని బట్టి సివిల్ కోర్టును గాని ఆశ్రయించవచ్చు. హామీదారు కూడా తప్పించుకోలేడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, అసలు రుణగ్రహీతకు ఎంత బాధ్యత ఉందో హామీదారుకూ అంతే బాధ్యత ఉంటుంది. స్నేహధర్మంతో సంతకం చేసిన సహోద్యోగికి నోటీసు వచ్చినప్పుడు గాని ఈ సంగతి బోధపడడం లేదు.

బాకీ 38 లక్షలు ఉండగా ఇంటికి 34 లక్షలే ధర పలికే సందర్భంలోనే అసలు చిక్కు ఎదురవుతుంది. అమ్మకానికి బ్యాంకు సమ్మతించినా తక్కువ పడిన 4 లక్షలు అలాగే నిలిచి ఉంటాయి. వాటిని రుణగ్రహీత వేరుగా తెచ్చి కట్టవచ్చు, వాయిదాలపై తీర్చడానికి ఒప్పందం చేసుకోవచ్చు, లేదా వన్ టైమ్ సెటిల్‌మెంట్‌గా ప్రసిద్ధమైన రాజీ పరిష్కారం కోరవచ్చు. ఈ రాజీ రుణగ్రహీత హక్కు కాదని, దానిని మంజూరు చేయాలని బ్యాంకును ఆదేశించజాలమని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో తీర్పు చెప్పింది.

‘మేనేజరు గారు ఒప్పుకున్నారు’ అని నమ్మి అమ్మకం పూర్తి చేసుకున్నవారి పరిస్థితి మరీ ఇబ్బందికరం. 2023 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన విధానం ప్రకారం రాజీని ఆమోదించే అధికారి, రుణాన్ని మంజూరు చేసిన అధికారి కంటే కనీసం ఒక మెట్టు పై స్థాయివారై ఉండాలి. రుణ మంజూరులో పాల్గొన్నవారు ఈ నిర్ణయంలో పాలుపంచుకోరాదు. కనుక శాఖ మేనేజరు సానుభూతితో చెప్పిన మాట సిఫారసు మాత్రమే అవుతుంది. ఎంత సొమ్ముకు, ఏ తేదీలోగా చెల్లిస్తే, మిగిలిన బాకీ పూర్తిగా రద్దవుతుందో, హామీదారుకు విముక్తి లభిస్తుందో లేదో తెలిపే మంజూరు లేఖ చేతికి వచ్చిన తరువాతనే రిజిస్ట్రేషన్‌కు వెళ్లడం క్షేమం. లేఖలో ‘సమ్మతి’ అని ఉండి ‘పూర్తి పరిష్కారం’ అని లేకపోతే, 4 లక్షల బాకీ ఇంకా ఉన్నట్లే.

బ్యాంకులు తమ లెక్కలలో మొండి బాకీలను ‘రైటాఫ్’ చేశాయన్న వార్తలు చూసి తమ అప్పు కూడా మాఫీ అయిందని భావించేవారు ఉన్నారు. రైటాఫ్ అనేది లెక్కల పద్దు మార్పు. వసూలు హక్కు యథాతథంగా ఉంటుంది. పత్రికలలో ఈ రెండు పదాలు ఒకే అర్థంలో వాడడం వల్ల ఈ అపోహ బలపడుతున్నది. రాజీ కుదిరి బాకీ తగ్గించినా క్రెడిట్ సమాచార సంస్థల రికార్డులో ఆ ఖాతా ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది. పూర్తిగా చెల్లించి మూసివేసిన ఖాతాతో అది సమానం కాదు. వ్యవసాయేతర రుణాలలో రాజీ చేసుకున్నవారికి కనీసం 12 నెలల వరకు ఆ సంస్థ కొత్త రుణం ఇవ్వరాదని కూడా 2023 విధానంలో ఉంది. వేలం వరకు వెళ్లిన ఖాతాతో పోలిస్తే ఈ నష్టం భరించదగినదే.

సొమ్మంతా బ్యాంకుకే వెళ్లింది గనుక ఆదాయపు పన్ను ఉండదన్నది కూడా పొరపాటే. తాను చేసిన తాకట్టును విడిపించుకోవడానికి వినియోగించిన సొమ్మును మూలధన లాభాల లెక్కలో తగ్గించుకోవడానికి వీలు లేదని సుప్రీంకోర్టు 1997లోనే స్పష్టం చేసింది. పాత ఇల్లు, పాత ధర అయితే ఈ పన్ను గణనీయంగా ఉండవచ్చు కాబట్టి, అమ్మకపు ధర ఖరారు చేసుకునే ముందే లెక్క వేయించుకోవాలి. బాకీ పూర్తిగా చెల్లించినా, రాజీ ద్వారా పరిష్కరించుకున్నా అసలు దస్తావేజులను 30 రోజులలోగా తిరిగి ఇవ్వాలని, బ్యాంకు కారణంగా ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు 2023లో ఆదేశించింది.

కలెక్టరు కార్యాలయం, ట్రిబ్యునల్

ఇల్లు ఖాళీ చేయించడానికి బ్యాంకు జిల్లా మేజిస్ట్రేటు సహాయం కోరినప్పుడు బాధిత కుటుంబాలు కలెక్టరేట్‌కు వచ్చి వేలం ఆపించవలసిందిగా విన్నవించుకోవడం పరిపాటి. 14వ సెక్షన్ కింద బ్యాంకు తొమ్మిది అంశాలతో ప్రమాణ పత్రం దాఖలు చేయాలి. అందులోని అంశాలపై సంతృప్తి చెందిన తరువాత 30 రోజులలోగా, కారణాలు నమోదు చేసి గరిష్ఠంగా 60 రోజులలోగా, జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవలసి ఉంటుంది. బాకీ ఎంత, వడ్డీ సబబా కాదా అన్న వివాదాలను తేల్చే అధికారం ఆ స్థాయిలో లేదు. తహసీల్దారు, పోలీసు అధికారుల పాత్ర ఉత్తర్వు అమలుకు పరిమితం. అర్జీదారులను ‘చూద్దాం’ అని తిప్పి పంపడం కంటే, సరైన వేదిక ఏదో ఆ రోజే తెలియజేయడం వారికి ఎక్కువ మేలు చేస్తుంది.

ఆ వేదిక రుణ వసూళ్ల ట్రిబ్యునల్. స్వాధీన చర్య జరిగిన నాటి నుండి 45 రోజులలోగా 17వ సెక్షన్ కింద దరఖాస్తు చేసుకోవాలి. సివిల్ కోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుందామని ప్రయత్నించేవారు ఈ 45 రోజులను అక్కడే కోల్పోతున్నారు. ఈ చట్టం కింద బ్యాంకు తీసుకునే చర్యలలో సివిల్ కోర్టులు జోక్యం చేసుకోరాదని 34వ సెక్షన్ నిషేధించింది. ట్రిబ్యునళ్లు హైదరాబాద్, విశాఖపట్నం నగరాలలో ఉన్నాయి. ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు బాకీలో కొంత శాతం ముందుగా డిపాజిట్ చేయవలసిన అవసరం లేదు. 75 శాతం డిపాజిట్ చేయాలన్న నిబంధనను 2004 తీర్పులోనే సుప్రీంకోర్టు కొట్టివేసింది. పై అప్పీలుకు మాత్రం బాకీలో 50 శాతం డిపాజిట్ చేయాలి. అప్పిలేట్ ట్రిబ్యునల్ దానిని 25 శాతం వరకు తగ్గించవచ్చు.

మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడినవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాది సహాయం పొందవచ్చు. కేసు దాఖలు కాకముందే బ్యాంకును లోక్ అదాలత్‌కు పిలిపించి రాజీ యత్నం చేయవలసిందిగా కోరడానికి కూడా ఈ సంస్థ కార్యాలయంలోనే దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తుతో డిమాండ్ నోటీసు ప్రతి, రుణ ఖాతా వివరాల పత్రం, కొనుగోలుదారు ఎవరైనా ఉంటే అతడి లిఖితపూర్వక ప్రతిపాదన జతపరచాలి.